నైరుతి మూల బోల్టు

నేను ఒక బోల్టును. జానెడున్నర పొడవు, చిటికెనవేలంత లావు. ఒక కొసన మరలు, రెండో కొసన కొక్కెం. కొక్కెం మట్టిలోకి, మరలు గాలిలోకి. మనుషులకు కనిపించేది మరల మీద బిగించిన నట్టు ఒక్కటే. దాన్ని చూసి గట్టిగా ఉందనుకుంటారు. గట్టిగా ఉండవలసింది నట్టు కాదు. ఆ సంగతి వాళ్ళకు పడ్డాకనే తెలుస్తుంది.

నన్ను చేసినవాడు చిలకలూరిపేటలో మస్తాన్ వలి. రేకుల షెడ్డు, ఒక లేత్ మిషను, ఒక వెల్డింగు మిషను. అంతే అతని ఆస్తి. ఒకే కమ్మీని పదహారు ముక్కలు కోశాడు. మరలు తీశాడు. రెండో కొస ఎర్రగా కాల్చి, సుత్తితో వంచి కొక్కెం చేశాడు. పదహారు మందిలో నేను ఏడోవాణ్ణి. మెల్లగా వంచాడని చెప్పను. పని తెలిసినవాడి దెబ్బ ఒకటే పడుతుంది. అది చాలు.

మా కోసం వచ్చిన ముసలాయన పేరు చెంచయ్య. చేతిలో డాక్టరు గీసిచ్చిన బొమ్మ ఉంది. నడుమెత్తున రెండు అడ్డ పైపులు, పదడుగుల పొడవు. వాటి మధ్య మనిషి పట్టేంత సందు. నాలుగు నిలువు పైపులు, ఒక్కోదాని కింద ఒక ఇనుప ప్లేటు, ప్లేటుకు నలుగురు బోల్టులు.

"ఎవరికి బాబాయ్?" అన్నాడు మస్తాన్.

"ఇంట్లోకి."

"ఇంట్లో ఎవరికని?"

"ఇంట్లో ఉన్నోళ్ళకి."

మస్తాన్ మళ్ళీ అడగలేదు. చేతులు తుడుచుకుని నన్ను పైకెత్తి చూపించాడు. "ఇది మనిషి బరువు మోయాల బాబాయ్. మూరెడు గుంట తీసి, కాస్త సిమెంటు గుమ్మరించి, నిలబడిందిలే అనుకోబాకు. రెండున్నర అడుగులు గట్టి నేలలోకి దిగాల. అడుగున కంకర పరవాల. గుంట పైకంటే కింద వెడల్పుండాల. బోల్టులు నాలుగూ ఈ చెక్కకి బిగించి దించితే వంకర పోవు. కొక్కేలు కిందికి. పోశాక పది రోజులు తడుపుతా ఉండు. ఎవర్నీ ముట్టనియ్యబాకు."

"పది రోజులా?"

"పది."

"ఏం, గుడ్లు పొదగాల్నా?"

మస్తాన్ నవ్వాడు. నేను నవ్వలేదు. ఆగడమంటే ఈయనకు గిట్టదని నాకు అప్పుడే అర్థమైంది.

చెంచయ్యది పర్చూరు దగ్గర నల్లరేగడి పల్లె. భార్య వజ్రమ్మ పోయి ఐదేళ్ళు. ఒక్కతే కూతురు శేషుకుమారి, బస్సు కండక్టరు. ఆ తండ్రికీ కూతురికీ ఐదేళ్ళుగా మాటల్లేవు. తల్లి పోయిన తెల్లవారుజామున శేషు డ్యూటీలో ఉంది. బస్సు తిరుపతి నుంచి వస్తోంది. ఫోను అందింది. దారిలో దిగి వేరే బండి పట్టుకుని రావచ్చు. రాలేదు. నలభై మంది ప్రయాణికులను వాళ్ళ ఊళ్ళలో దించి, టిక్కెట్ల మిషను డిపోలో అప్పజెప్పి వచ్చింది. వచ్చేసరికి చితి కాలిపోయింది. చెంచయ్య ఆగలేదు.

తల్లికంటే టిక్కెట్లు ఎక్కువయ్యాయని ఆయన. రెండు గంటలు ఆగలేనివాడు తండ్రేమిటని ఆమె. ఇద్దరూ నిజమే అన్నారు. అబద్ధం ఆడుకున్నవాళ్ళు ఎప్పటికైనా రాజీ పడతారు. నిజం అనుకున్నవాళ్ళు పడరు.

పోయిన చలికాలంలో శేషు బస్సు దిగి రోడ్డు దాటుతుంటే ట్రాలీ ఆటో గుద్దింది. తొడ ఎముక రెండు ముక్కలైంది. డాక్టర్లు లోపల ఇనుప కమ్మీ వేసి అతికించారు. ఆ లెక్కన ఆమె నాకు చుట్టం. భర్త లారీ తోలుతాడు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. పగలు చూసేవాళ్ళు లేక, అతను ఆమెను తీసుకొచ్చి పుట్టింటి గుమ్మంలో దించాడు. చెంచయ్య మంచం వాల్చాడు. దుప్పటి పరిచాడు. మాట్లాడలేదు.

శ్రావణంలో ఆమె డాక్టర్ల బోర్డు ముందు నిలబడాలి. ఏమీ పట్టుకోకుండా నడవాలి. బస్సు మెట్లలాంటివి మూడు ఎక్కి దిగాలి. అది చేస్తే ఉద్యోగం ఉంటుంది. చేయలేకపోతే పోతుంది. ఈలోగా ఇంకోసారి పడితే మాత్రం ఉద్యోగం మాట అటుంచి, కాలే దక్కదన్నాడు డాక్టరు. అందుకే పెరట్లో పైపులు. అందుకే నేను.

పాతడానికి వచ్చిన మేస్త్రీ ఏసోబు. చెంచయ్య కంటే రెండేళ్ళు పెద్ద. పెరడంతా నడిచి, మడమతో నేలను తొక్కి చూశాడు.

"ఈ మునగచెట్టు పక్కన పెడదాం చెంచయ్యగారా. ఇక్కడ నేల ఎన్నడూ కదిలింది కాదు."

"ఈశాన్యంలో ఇనుమా? బరువు నైరుతిలో ఉండాల."

"నైరుతిలో వజ్రమ్మగారి పెంటగుంట ఉండేది గదా?"

"పూడ్చి ఐదేళ్ళయింది."

"యాభై ఏళ్ళయినా పూడ్చింది పూడ్చిందే. గేదెను కట్టేసుకోండి, కాదన్ను. మనిషి ఊగే స్తంభం పాతితే ఎట్టా?"

"నువ్వు మేస్త్రీవా, సిద్ధాంతివా?"

"సిద్ధాంతినైతే ఈ ఎండలో ఎందుకుంటా? నీడన కూర్చుని చెప్పేవాణ్ణి."

అయినా నైరుతి మూలకే వెళ్ళాడు ఏసోబు. బరువు ఏ మూల ఉండాలో వాస్తు పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ మూల కింద ఎవరు ఏం పూడ్చారో అందులో ఉండదు. తూర్పు వైపు రెండు గుంటలు పాత నేలలోకి రెండున్నర అడుగులు చక్కగా దిగాయి. పడమటి రెండూ పెంటగుంట మీద పడ్డాయి. పూడిక దాటి కింది నల్లమట్టి తగిలేదాకా, అయిదడుగులైనా సరే, తవ్వుతానన్నాడు ఏసోబు. అడుగున్నర దిగాడు. గునపం ఠంగున మోగింది. వంగి చూశాడు. మసి పట్టిన కుండ మూతి.

వసారాలో మంచం మీద ఉన్న చెంచయ్య లేచి వచ్చాడు. గుంటలోకి చూశాడు.

"చాలు."

"ఇంకా మూడడుగులు పోవాలండీ."

"చాలన్నానా?"

"రేపు ఒరిగితే నన్నంటారు."

"అననులే. పొయ్యి."

ఏసోబు తల గోక్కున్నాడు. పోశాడు. అతన్ని కూడా నేను క్షమించలేదు. తెలిసి పోశాడు. జీవితమంతా 'చాలు' అంటే ఆగి, 'పొయ్యి' అంటే పోసి బతికిన మనిషి. అది కారణమే. కాని నేలకు కారణాలతో పని లేదు.

నా కొక్కేనికి అర జానెడు కింద ఏముందో చెబుతాను. వజ్రమ్మ పాలకుండ. ఆమె కవ్వం, కవ్వపు తాడు. ఆమె పెంటగంప. ఆమె పోయిన పన్నెండో రోజు దాటగానే చెంచయ్య రెండు గేదెలనూ అమ్మేశాడు. పాడికి సంబంధించి ఆమె చెయ్యి తగిలిన ప్రతి వస్తువునూ ఆ గుంటలో పారేశాడు. మీద ట్రాక్టరుతో మట్టి తోలించాడు. కూతురికి ఒక్కటీ మిగల్చలేదు. ఆ మట్టి మీద నన్ను నిలబెట్టాడు.

పోసిన నాలుగో రోజున శేషు చేతికర్రల మీద వసారా దిగి మా దగ్గరికి వచ్చింది. గోనెపట్టాలు తడిగా కప్పి ఉన్నాయి. ఆమె పైపు మీద చెయ్యి వేయబోయింది. చెంచయ్య బావి గట్టు మీద నుంచి చూశాడు. కూతురితో మాట్లాడడాయె. పైపుతో అన్నాడు.

"ఏమే పైపూ, పది రోజులు ఆగాలన్నారు గదా. ఎవరైనా ముందే ముట్టుకుంటే వాళ్ళ కర్మ."

శేషు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె కూడా పైపుతోనే అంది. "పైపూ, ఆగడం ఈ ఇంట్లో ఎవరికి చేతనయింది గనక?"

చెంచయ్య చేద బావిలోకి వదిలాడు. చప్పుడు చాలాసేపటికి గాని వినిపించలేదు.

ఆ రోజు మొదలు ఆ ఇంట్లో మాటలన్నీ మా మీదుగా నడిచాయి. పైపుకేం తెలుసు, అది బోలు. విన్నది నేను. ఆమె పది రోజులూ ఆగింది. పదకొండో రోజు పైపుల మధ్య మొదటి అడుగు వేసింది. చెమట పట్టి, పళ్ళు బిగబట్టి, పదడుగుల దూరానికి అరగంట పట్టింది.

"పైపూ, మందు వేసుకున్నాకే నడవమని డాక్టరు చీటీలో రాశాడు."

"పైపూ, చీటీ చదవడం నాకూ వచ్చు. వేసుకున్నా."

ఇంకో రోజు: "పైపూ, చారులో ఉప్పు సరిపోయిందా ఎవరికైనా?"

"పైపూ, ఉప్పు సంగతి పొయ్యి దగ్గరుండగా గుర్తు రావాల. తిన్నాక కాదు."

చెంచయ్య మీసం కింద ఏదో కదిలింది. నవ్వు అని నేను ప్రమాణం చేయలేను. జ్యేష్ఠం గడిచేసరికి ఆమె ఒక చేత్తో పట్టుకుని నడుస్తోంది.

ఆషాఢంలో వానలు పడ్డాయి. నల్లరేగడి వేసవిలో రాయి. బీటలు వారితే చెయ్యి మునుగుతుంది. వాన పడితే తాగినకొద్దీ ఉబ్బుతుంది. తూర్పు స్తంభాలు లోతుగా దిగి ఉన్నాయి, అవి చలించలేదు. మా పడమటి వైపు పూడిక మట్టి కుండ పెంకుల సందుల్లోకి జారిపోయింది. నా కింద బోలు ఏర్పడింది. నన్ను పట్టుకున్న కాంక్రీటు దిమ్మ, ఊడే పన్నులాగా ఆడడం మొదలుపెట్టింది.

చెంచయ్య అది మొదటి వారంలోనే చూశాడు. నిలువు పైపు వేలెడు ఒరిగింది. పానా తెచ్చి నట్లు బిగించాడు. మర్నాడు మళ్ళీ బిగించాడు. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకున్నాక అదే పని. నట్టు బిగిస్తే నేల బిగుసుకుంటుందా? ఆయన రైతు. నేల సంగతి ఆయనకు నేను చెప్పాలా? తెలుసు. కాని చెప్పాలంటే కూతురితో మాట్లాడాలి. మాట్లాడితే కింద ఏముందో చెప్పాలి. అందుకని పైపుతో అన్నాడు.

"పైపూ, పడమటి కొసదాకా పోకుండా మధ్యలోనే తిరగొచ్చుగా ఎవరైనా."

"పైపూ, డాక్టరు పదడుగులు చెప్పాడు. సగం నడిస్తే ఉద్యోగం కూడా సగమే ఇస్తారా?"

ఆయన పానా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇనుముతో చెప్పిన మాట ఇనుముకే అందింది. ఆమెకు అది ఎత్తిపొడుపుగా వినిపించింది. నాకు నోరు లేదు. నోరున్నవాడు వాడలేదు. బోర్డుకు మూడు వారాలుంది. చేతుల బలం కూడా కావాలని ఆమె కొత్తగా ఇంకో పని మొదలుపెట్టింది. రెండు పైపుల మీద అరచేతులు ఆనించి, కాళ్ళు పైకెత్తి, ఒళ్ళంతా గాలిలో నిలపడం. అంటే బరువంతా మా మీద.

ఒక పగలూ రాత్రీ ముసురు పట్టి, పొద్దున్నే తెరిపిచ్చింది. చెంచయ్య పాలకు వెళ్ళాడు. సొంత గేదెల పాలు తాగిన మనిషి, ఇప్పుడు చెంబు పట్టుకుని పక్కవీధికి వెళతాడు. శేషు పైపుల మధ్య నడుచుకుంటూ పడమటి కొసకు వచ్చింది. అరచేతులు ఆనించింది. కాళ్ళు ఎత్తింది.

దిమ్మ కింద బురద గుటక వేసింది. ఒక అంచు పైకి లేచింది. రెండు వేళ్ళు. నాలుగు వేళ్ళు. నేను పట్టుకోవడానికి కింద ఏమీ లేదు. కుండ పెంకు ఒకటి నా కొక్కెం కింద పటుక్కుమంది.

పాలతో తిరిగొచ్చిన చెంచయ్య గేటు దగ్గరే చెంబు వదిలేశాడు. డెబ్భై ఏళ్ళ మనిషి అంత వేగంగా రావడం నేను చూడలేదు. వచ్చి, వట్టి కాళ్ళతో, లేస్తున్న దిమ్మ మీదికి ఎక్కి నిలబడ్డాడు. నట్టు పైన మిగిలిన నా మరలు ఆయన అరికాల్లో దిగాయి.

"ఆగు!" అన్నాడు. "ఆగమ్మా. కాళ్ళు కింద పెట్టు. మెల్లగా. ఊపబాకు."

ఆమె కాళ్ళు నేలకు ఆనించింది. పైపు వదలకుండా ఆయన వైపు తిరిగింది.

"ఎవరితో? పైపుతోనా?"

"నీతోనే."

ఆయన అరికాలి నెత్తురు వెచ్చగా నా మరల్లోకి దిగుతోంది.

"తూర్పు వైపుకి పో శేషూ. నేను దీన్ని తొక్కిపట్టుంటా."

ఆమె ఒక్కొక్క అడుగే వేసుకుంటూ తూర్పు కొసకు వెళ్ళి, చేతికర్రలు అందుకుని, మంచం మీద కూలబడింది. అప్పుడు గాని ఆయన దిగలేదు.

"ఏముంది దాని కింద?"

"మీ అమ్మ సామాను. పాలకుండ. కవ్వం. అన్నీ. ఏసోబు తవ్వుతానన్నాడు. నేనే చాలన్నా."

"ఎందుకు పూడ్చావు?"

"చూడలేక."

"నేను చూసేదాన్నిగా." ఆమె గొంతు పెద్దది చేయలేదు. "ఒక్క పూట ఆగి ఉంటే అమ్మనీ చూసేదాన్ని."

చెంచయ్య కాలు పైకి పెట్టుకుని తువ్వాలు చుట్టుకున్నాడు. "ఆ రోజు మబ్బేసింది. మన శ్మశానానికి రేకులన్నా లేవు. వాన పడితే సగంలో ఆరిపోయిద్దేమోనని..."

"పడిందా?"

"లేదు."

"మబ్బేసిందని ఫోన్లో ఒక్క మాట చెప్పొచ్చుగా నాన్నా."

"చెప్పాల్సింది."

ఆయన క్షమించమని అడగలేదు. ఆమె క్షమించానని అనలేదు. గేటు దగ్గర ఒలికిన పాలను కాకులు తాగుతున్నాయి.

మర్నాడు ఏసోబు వచ్చి ఒరిగిన స్తంభాన్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "చెప్పలా?"

"చెప్పావు. తవ్వు."

"ఎంతదాకా?"

"నువ్వు చాలు అనేదాకా."

సమ్మెటతో దిమ్మ పగలగొట్టి మమ్మల్ని పెరికాడు. నా కొక్కెం సాగి వంకర పోయింది. అయిదున్నర అడుగుల లోతున నిగనిగలాడే నల్లమట్టి తగిలింది. అప్పుడు 'చాలు' అన్నాడు. కంకర పరిచి, ఊచలతో జల్లెడలా కట్టి, కిందినుంచి పోసుకొచ్చాడు. కుండ పెంకులన్నీ బయటపడ్డాయి. కవ్వం బయటపడింది. ఒక రెక్కను చెదలు తినేశాయి. మూడు మిగిలాయి. శేషు దాన్ని కడిగి, వసారా కిటికీలో ఆరబెట్టింది.

"ఈ బోల్టు మళ్ళీ వెయ్యనా?" అని నన్ను చూపించాడు చెంచయ్య.

"వంగింది పనికిరాదండీ. చక్కగా కొట్టినా లోపల నెర్రె ఉండిపోయిద్ది. మనిషి బరువుకి వెయ్యకూడదు."

నిజమే. కోపం రాలేదు. మస్తాన్ దగ్గర నుంచి కొత్తవి వచ్చాయి. నన్ను తీసి కిటికీలో కవ్వం పక్కన పడేశారు. పాతాక మొదటిసారి, నడుమెత్తు నుంచి లోకాన్ని చూశాను.

"పది రోజులు ఆగాలండీ," అన్నాడు ఏసోబు వెళుతూ. "తమరికి కష్టమే."

"ఆగుదాం."

బోర్డుకు ఇరవై రోజులు లేవు. అందులో పది పోతే ఆమె కాలు మళ్ళీ బిగుసుకుంటుంది. అందుకని ఆ పది రోజులూ చెంచయ్యే పైపు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ముంజేయి ముందుకు చాపి నిలబడేవాడు. ఆమె పట్టుకుని నడిచేది. ఆయన అరికాలు మానలేదు. ఆమె తొడ కుదురుకోలేదు. ఇద్దరు కుంటివాళ్ళు పెరడంతా తిరిగేవాళ్ళు.

"కుడి కాలు మీద బరువెయ్."

"వేస్తన్నా."

"వేయట్లా. నా చేతి మీద వేస్తన్నావు."

"నీ చెయ్యి వణుకుతంది నాన్నా. కూర్చుందామా?"

"నా సంగతి నీకెందుకు? అడుగెయ్."

శ్రావణంలో బోర్డు ముందు ఆమె మూడు మెట్లు ఎక్కి, మూడు మెట్లు దిగింది. మూడో మెట్టు దగ్గర చెయ్యి కడ్డీ వైపు పోయిందట. మళ్ళీ వెనక్కి తీసుకుందట. పెద్ద డాక్టరు కాగితం మీద సంతకం చేసి, 'ఎవరు నడిపించారు?' అని అడిగాడట. "మా పైపు," అని చెప్పానని వసారాలో చెప్పి నవ్వింది. చెంచయ్య చారులో ఉప్పు వేయడానికి లోపలికి వెళ్ళాడు.

ఇప్పుడు ఆమె ఒంగోలు బస్సులో ఉంది. సెలవు రోజుల్లో వచ్చి పైపుల మధ్య నడుస్తుంది. చెంచయ్య నెలకోసారి ప్రతి నట్టూ చూస్తాడు, ప్లేటు అంచున బీటలున్నాయేమో వేలితో తడిమి చూస్తాడు. మాట మాత్రం పైపుతో అనడు. ఆ ఇంట్లో ఎవరూ అనరు. నాకు తుప్పు పడుతోంది. మరల సందుల్లో ఆయన నెత్తురు ఎండిపోయి ఉంది. తుప్పు ఏదో, అది ఏదో ఇప్పుడు చెప్పడం కష్టం.

భాద్రపదంలో వజ్రమ్మ తద్దినం వచ్చింది. శేషుకు సెలవు దొరకలేదు. డ్యూటీ దిగి మధ్యాహ్నానికి వస్తానంది. బస్సు టైరు పంక్చరై ఆలస్యమైందని ఫోను చేసింది. పురోహితుడు దర్భలు సర్దుకుని రెండుసార్లు ఎండ వైపు చూశాడు. ఎండ లేదు. నైరుతి నుంచి మబ్బు కమ్ముకొస్తోంది.

"వేళ దాటిపోతోంది చెంచయ్యగారూ. కర్త మీరు. అమ్మాయి లేకపోయినా దోషం లేదు."

"ఆ రోజూ అదే అన్నారు."

"వాన వస్తే కాకులు కూడా దిగవండీ."

"రేపు దిగుతాయి. పిల్ల రావాల."

పిండాల గిన్నె మీద విస్తరాకు బోర్లించి, నా కిటికీ కింద అరుగు మీద కూర్చున్నాడు. ఒకసారైనా ఆకాశం వైపు చూడలేదు. రోడ్డు వైపే చూశాడు. మొదటి చినుకులు పైపుల మీద టపటపమన్నాయి. పురోహితుడు లోపలికి జరిగాడు. చెంచయ్య జరగలేదు.

రెండున్నరకు మలుపులో బస్సు హారను మోగింది. అప్పటికి ఆయన పూర్తిగా తడిసిపోయాడు.